జూనియర్ సీట్లో కూర్చుని సీనియర్ పని చేస్తే జీతం మారుతుందా?

పత్తికొండ వైపు ఒక మండల పరిషత్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 2014 సెప్టెంబరులో కారుణ్య నియామకం కింద చేరాడు. ఇప్పుడు మూల వేతనం 35,570. ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. అకౌంట్లు, బిల్లులు, ఆడిట్ జవాబులు అన్నీ ఇతని నెత్తినే. "పోస్టులన్నీ రీక్లాసిఫై చేస్తారంట, మాకు సీనియర్ స్కేలు వస్తుందని సంఘం వాళ్లు అంటున్నారు. నిజమేనా అన్నా? నాలుగేళ్ల బకాయిలు అడగొచ్చా? కోర్టుకు పోతే?" అని అడిగాడు. చివర్లో, పని ఒత్తిడిలో ప్రమోషన్‌కు కావాల్సిన అకౌంట్స్ టెస్టు ఇంకా రాయలేదని కూడా ఒక ముక్క చేర్చాడు. నా జవాబులో సగం ఆ ఆఖరి ముక్క గురించే ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

నేను గుత్తిలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, అనంతపురం జిల్లాలోనే తిరిగి తిరిగి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. పే ఫిక్సేషన్ ఫైళ్లు కొన్ని వందలు నా చేతి మీదుగా పోయుంటాయి. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. రీక్లాసిఫికేషన్ అని మనవాళ్లు నాలుగు వేర్వేరు పనుల్ని కలిపి ఒకే మాటగా వాడుతున్నారు. పోస్టు పేరు మార్చడం ఒకటి. పోస్టు స్కేలు పెంచడం ఇంకొకటి. కింది పోస్టులు కొన్ని రద్దు చేసి, వాటి బదులు పై పోస్టు ఒకటి మంజూరు చేయడం మూడోది. మనిషికి ప్రమోషన్ ఇవ్వడం నాలుగోది. ఈ నాలుగింటిలో నీ చేతికి డబ్బు తెచ్చేది ఏదో తెలియకపోతే, ధర్నాకు పోయి మెడలో దండ వేసుకుని వచ్చి, వచ్చే నెల పే స్లిప్ చూసి నోరు తెరవాల్సి వస్తుంది.

పేరు మార్పు సంగతి మనకు కొత్త కాదు. ఎల్‌డీసీ జూనియర్ అసిస్టెంటయ్యాడు, యూడీసీ సీనియర్ అసిస్టెంటయ్యాడు, అటెండర్ ఆఫీస్ సబార్డినేట్ అయ్యాడు. మా ఆఫీసులో ఒక టైపిస్టు అక్క ఉండేది. కంప్యూటర్లు వచ్చాక ఆ రెమింగ్టన్ మిషన్ను స్టోర్ రూములో పడేసి, ఆమెను జూనియర్ అసిస్టెంటుగా మార్చారు. రెండు పోస్టులకూ ఒకటే స్కేలు. ఆ రోజు స్వీట్లు పంచింది. నెలాఖరున జీతం చూసి, "ఇంతేనా సార్?" అంది. గొర్రె తోక బెత్తెడే అక్కా అన్నాను. 2025 అక్టోబరులో మంత్రివర్గం ఆమోదించిన పంచాయతీల పునర్వ్యవస్థీకరణ చూడు. కొన్ని పంచాయతీలను కలిపి పెట్టిన క్లస్టర్లు తీసేసి 13,351 పంచాయతీలను విడివిడి యూనిట్లు చేస్తామన్నారు. పంచాయతీ కార్యదర్శిని పంచాయతీ అభివృద్ధి అధికారి అనాలన్నారు. అందులో ఎవరికి స్కేలు మారుతుంది, ఎవరికి బోర్డు మాత్రమే మారుతుంది అన్నది పేపర్లో హెడ్డింగ్ చూస్తే తెలీదు. జీవో కింద ఉండే అనుబంధం పట్టికలో పోస్టు పేరుకు ఎదురుగా స్కేలు గడి ఉంటుంది. ముందు అక్కడికి పోవాలి. జీవో మొదటి రెండు పేజీలు నేనెప్పుడూ తర్వాతే చదివేవాణ్ని.

ఇక స్కేలు పెరగడం. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తా.

2022 పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, జూనియర్ అసిస్టెంటు స్కేలు 25,220 నుంచి 80,910. సీనియర్ అసిస్టెంటుది 34,580 నుంచి 1,07,210. సూపరింటెండెంటుది 44,570 నుంచి 1,27,480. ఇవి మూడు వేర్వేరు నిచ్చెనలు కావు. 20,000 దగ్గర మొదలై 1,79,000 దాకా పోయే ఒకే పొడుగు నిచ్చెన ఉంది, దాన్ని మాస్టర్ స్కేలు అంటాం. ప్రతి పోస్టు స్కేలూ దాంట్లోంచి కోసిన ఒక ముక్క. నీ 35,570 జూనియర్ ముక్కలోనూ ఉన్న మెట్టే, సీనియర్ ముక్కలోనూ ఉన్న మెట్టే. 34,580 తర్వాతి మెట్టు అదే.

రేపు ప్రభుత్వం దయ తలచి మీ పోస్టులన్నింటికీ సీనియర్ స్కేలు ఇచ్చిందనుకో. పని అదే, బాధ్యత అదే, స్కేలు మాత్రం మారింది. అప్పుడు జీతాల లెక్కకు మూలమైన ఫండమెంటల్ రూల్స్ (ఎఫ్‌ఆర్)లో 22(ఎ)(2) వర్తిస్తుంది. బాధ్యత పెరగని మార్పులో, ఉన్న వేతనానికి సమానమైన మెట్టు కొత్త స్కేలులో ఉంటే అక్కడే పెట్టాలని అది చెప్తుంది. అంటే నువ్వు 35,570 నుంచి 35,570కి పోతావు. ఇంక్రిమెంటు మొత్తం కూడా మారదు, మెట్ల దూరం రెండు స్కేళ్లలోనూ ఒకటే. నీకు దక్కేది పైన గరిష్ఠం పెరగడం ఒక్కటే, దాని అవసరం నీకు ఇంకా చాలా ఏళ్లకు గానీ రాదు.

మరి లాభం ఎవరికి? నిన్న మొన్న చేరి 25,220 దగ్గర ఉన్న పిల్లవాడికి. కొత్త స్కేలు కనీసం 34,580 కాబట్టి వాడికి ఒక్క దెబ్బతో మూల వేతనంలోనే 9,360 పెరుగుతుంది. అందుకే సంఘం మీటింగుల్లో కుర్రవాళ్లు చప్పట్లు కొడతారు, పదేళ్లు దాటినవాళ్లు అర్థంకాక తలూపుతారు. డిమాండు తప్పని అనడంలేదు నేను. కుర్రవాళ్లకు రావాల్సిందే. నీకు దాంతో ఒరిగేది తక్కువని మాత్రం తెలిసి ఉండాలి. పైగా పదేళ్లు ముందున్న నీతో పాటే వాడూ నీ పక్క మెట్టు మీదికి వచ్చి నిలబడతాడు. అప్పుడు మొదలయ్యే గొడవల్ని అనామలీలు అంటారు. వాటి పరిష్కారానికి ఇంకో కమిటీ, ఇంకో మూడేళ్లు.

ప్రమోషన్ లెక్క వేరు. పై పోస్టులో బాధ్యత ఎక్కువ కాబట్టి అవే రూల్స్‌లోని 22-బి వర్తిస్తుంది. ముందు పాత స్కేలులో ఊహా ఇంక్రిమెంటు ఒకటి కలుపుతారు: 35,570 కాస్తా 36,560 అవుతుంది. కొత్త స్కేలులో దాని పై మెట్టు ఇస్తారు: 37,640. మూల వేతనంలో 2,070 తేడా. దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. తర్వాత ప్రతి పీఆర్సీలోనూ, పెన్షన్‌లోనూ ఆ మెట్లు నీ వెంటే వస్తాయి. నువ్వు ఆశపడాల్సింది దీని కోసం తమ్ముడూ, రీక్లాసిఫికేషన్ కోసం కాదు.

దీనికి అడ్డం ఏది? ఖాళీ ఉంది. నీ పైన ఉన్నవాళ్లలో కొందరు దూరం పోస్టింగని వద్దంటున్నారని నువ్వే రాశావు. కర్నూలు జిల్లా రెండయినా జిల్లా పరిషత్ ఒకటే కాబట్టి హాలహర్వి నుంచి శ్రీశైలం దాకా ఎక్కడికైనా వేయొచ్చు, ఆ భయం నాకు తెలుసు. కానీ ప్యానెల్, అంటే ప్రమోషన్ జాబితా, తయారుచేసేటప్పుడు సీనియారిటీ జాబితాలో పేరు పక్కన టెస్టులు పాసైన తేదీ అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే నీ పేరు దాటుకుని పోతారు. నాలుగేళ్లు సీనియర్ పని చేశానన్న మాట రాయడానికి ఆ పట్టికలో గడి లేదు.

ఇంకో చిక్కు, చాలామంది గమనించనిది. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద ప్రమోషన్ లేకుండా ఒకే పోస్టులో ఉన్నవాళ్లకు 6, 12 ఏళ్లకు, ఆ తర్వాత కూడా కొన్నేళ్లకోసారి పై స్కేళ్లు ఇస్తారు కదా. ఆరేళ్లది స్పెషల్ గ్రేడు, దానికి టెస్టులు అక్కర్లేదు, 2020లో నీకు వచ్చే ఉంటుంది. నీ వేతనం లెక్క చూస్తే వచ్చినట్టే ఉంది. పన్నెండేళ్లది ప్రమోషన్ పోస్టు స్కేలు. దానికి ప్రమోషన్‌కు కావాల్సిన అర్హతలన్నీ, టెస్టులతో సహా, ఉండాలి. 2026 సెప్టెంబరుకు నీకు పన్నెండేళ్లు నిండుతాయి. టెస్టు లేకపోతే ఆ రోజు ఉట్టి వార్షిక ఇంక్రిమెంటు తీసుకుని ఊరుకోవాల్సిందే. తర్వాత ఎప్పుడు పాసైతే అప్పటినుంచే ఇస్తారు, వెనక్కి ఇవ్వరు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పన్నెండేళ్ల స్కేలు తీసుకున్నాక అదే స్కేలున్న పోస్టుకు ప్రమోషన్ వస్తే 22-బి లాభం మళ్లీ ఇవ్వరు. స్పెషల్ గ్రేడులో ఉండగా ప్రమోషన్ వస్తే ఇస్తారు. అంటే వచ్చే సెప్టెంబరు లోపల టెస్టు గట్టెక్కి, ఖాళీలోకి ప్రమోషన్ తెచ్చుకుంటే నీకు ఎక్కువ లాభం. అది దాటితే ఒక ఇంక్రిమెంటుతో సరి. ఏపీపీఎస్సీ ఈ టెస్టులు ఏడాదికి రెండుసార్లు, మే సెషన్, నవంబరు సెషన్ అని పెడుతుంది. పుస్తకాలు చూసి రాసే పేపర్లకు కూడా పుస్తకంలో ఏ రూలు ఏ పేజీలో ఉందో వేళ్లకు తెలిసి ఉండాలి. నేను మొదటిసారి పుస్తకం ఉంది కదా అని ధీమాగా పోయి తప్పాను. ఫైనాన్షియల్ కోడ్ తిరగేస్తూనే టైమంతా పోయింది.

ఇప్పుడు నాలుగేళ్ల బకాయిల సంగతి. ముందొక ప్రశ్న. సీనియర్ అసిస్టెంటు పోస్టు అదనపు బాధ్యతలు, అంటే ఎఫ్‌ఏసీ, నీకు అప్పగిస్తూ అధికారం ఉన్న అధికారి ఇచ్చిన ప్రొసీడింగ్స్ ఉన్నాయా? జూనియర్ అసిస్టెంట్లకు నియామక అధికారి జిల్లా పరిషత్ సీఈఓ. ఎంపీడీఓ గారు "ఆ సీటు కూడా నువ్వే చూడు" అని నోటితో చెప్పడం, లేదా తెల్లకాగితం మీద పని పంపకం రాసి గోడకు అతికించడం ఎఫ్‌ఏసీ కాదు. సరైన ఉత్తర్వు ఉన్నా, ఎఫ్‌ఆర్ 49 ప్రకారం వచ్చేది మొదటి మూడు నెలలు అయిదో వంతు, తర్వాతి మూడు నెలలు పదో వంతు. ఆరు నెలలు దాటాక ఏమీ లేదు. నాలుగేళ్లకూ రెండు స్కేళ్ల తేడా అడుగుతానంటే ట్రెజరీ కౌంటర్ దగ్గరే ఫైలు వెనక్కి వస్తుంది. జీవో ఇచ్చేవాళ్లు దేవుళ్లయితే ట్రెజరీ వాళ్లు పూజారులు, సామెత నీకు తెలుసు.

కోర్టు గురించి. సమాన పనికి సమాన వేతనం అన్న మాటను 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు కనీసం స్కేలు మొదటి మెట్టయినా ఇవ్వాలంది. సంఘం కరపత్రాల్లో ఈ రెండే ఉంటాయి. 1988 నాటి చౌరాసియా కేసు ఉండదు. ఏ పోస్టు ఏ పోస్టుకు సమానం అన్నది పే కమిషన్ లాంటి నిపుణుల సంఘాలు తేల్చాల్సింది, కోర్టులు మామూలుగా అందులో వేలు పెట్టవు అని ఆ తీర్పు. కాబట్టి "మా జూనియర్ పోస్టును సీనియర్ పోస్టుగా ప్రకటించండి" అని పోతే చాలావరకు "ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోండి, వాళ్లు ఇన్ని వారాల్లో తేలుస్తారు" అనే ఉత్తర్వు వస్తుంది. లాయరు ఫీజు పోను మిగిలేది ఆ అర్జీయే. దాన్ని ఇప్పుడే పెట్టుకోవచ్చు.

అర్జీ ఎలా ఉండాలో చెప్తా. "రాత్రి పదింటి దాకా పని చేస్తున్నాము, టెన్షన్‌తో బీపీ వచ్చింది" అని రాయొద్దు. నిజమే కావచ్చు, కానీ ఆర్థిక శాఖలో ఆ ఫైలు చూసే సెక్షన్ ఆఫీసరుకు కూడా రాత్రి పదే అవుతుంది. వాళ్లు మనిషిని చూడరు, పోస్టును చూస్తారు. ఈ పోస్టు మంజూరైనప్పుడు ఏ పనులు దాని కింద రాశారు, ఇప్పుడు ఏ పనులు చేరాయి, వాటిలో ఏవి పై క్యాడర్ వాళ్లు చేయాల్సినవి అన్నదే ప్రశ్న. నీ సీటుకు వచ్చిన కాగితాలన్నీ ఎక్కించే పర్సనల్ రిజిస్టరే దానికి సాక్ష్యం. ఏడాదికి ఎన్ని కరెంట్లు, అంటే జవాబు ఇవ్వాల్సిన కాగితాలు, వచ్చాయి, ఎన్ని క్లోజ్ అయ్యాయి, అందులో నువ్వే నోట్ రాసి నేరుగా ఎంపీడీఓకు పుటప్ చేసినవి ఎన్ని, మధ్యలో సీనియర్ సంతకం ఉండాల్సిన చోట ఖాళీగా ఉన్నవి ఎన్ని. ఆడిట్ జవాబుల ఫైళ్లలో ఎవరి సంతకం ఉంది. ఇవి నెలవారీగా ఒక పట్టిక చేసి, ఆఫీసు సీలుతో ఎంపీడీఓ సంతకం తీసుకో. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాక ఎవరూ పెట్టరు.

ఇంకో నిజం. కొత్త పై పోస్టు ఊరికే రాదు. ఆర్థిక శాఖ అడిగే మొదటి మాట, "బదులు ఏ పోస్టులు సరెండర్ చేస్తారు?" మామూలుగా రెండు మూడు కింది పోస్టులు వదులుకుంటే ఒక పై పోస్టు వస్తుంది. మీ సంఘం ఆ బేరానికి సిద్ధంగా ఉందా? అటెండర్ పోస్టులు పోతే రేపు టపాలు ఎవరు తెస్తారు? ఈ మాట మీటింగులో అడుగు, అప్పుడు చప్పట్లు ఎంతమంది కొడతారో చూద్దాం.

సచివాలయాల వాళ్లతో పోల్చుకుని బాధపడుతున్నావు. అక్కడ కార్యదర్శి గ్రేడ్-5కు 23,120, డిజిటల్ అసిస్టెంటుకు 22,460 మొదటి మెట్టు. రెండూ నీ 25,220 కన్నా తక్కువే. 2019 అక్టోబరులో 15,000 రూపాయల కన్సాలిడేటెడ్ జీతంతో చేరినవాళ్లు, స్కేలు వచ్చింది 2022 జూలై నుంచి. 2025 జనవరిలో జనాభాను బట్టి సచివాలయాలను ఎ, బి, సి అని విడగొట్టి 6, 7, 8 మంది చొప్పున సర్దారు. దాంతో వాళ్లలోనూ ఎవరు మల్టీపర్పస్, ఎవరు టెక్నికల్ అన్న గందరగోళం మొదలైంది. వాళ్ల తలనొప్పి వాళ్లది. మున్సిపాలిటీలో ఉన్న మీ బావమరిది సంగతి కూడా అడిగావు. ఆ రూల్స్ వేరు, రాయలసీమకు వాళ్ల రీజనల్ డైరెక్టర్ ఆఫీసు అనంతపురంలో ఉంది, అక్కడే కనుక్కోమను. రెంటినీ కలిపితే ఏదీ తేలదు.

చివరగా ఒక హెచ్చరిక, నా కళ్లముందు జరిగిందే. పేరెందుకు, ఒక ఆఫీసులో స్థానిక పెద్దల ఒత్తిడి మీద ఆర్థిక శాఖ ఆమోదం లేకుండానే అయిదుగురికి పై స్కేలులో జీతం వేశారు. తొమ్మిదేళ్లు తీసుకున్నారు. తర్వాత ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాశారు. ఆ అయిదుగురిలో ఒకాయన రిటైర్మెంటుకు నాలుగు నెలలు ఉంది. గ్రాట్యుటీలోంచి కోస్తామని నోటీసు వచ్చేసరికి మనిషి మంచం పట్టాడు. ఆయన్ను కాపాడింది 2014 డిసెంబరులో వచ్చిన రఫీక్ మసీహ్ తీర్పు. క్లాస్ 3, 4 ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్లు లేదా ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల దగ్గర, అయిదేళ్లకు మించి పొరపాటున ఇస్తూ వచ్చిన మొత్తం విషయంలో రికవరీ కూడదని అందులో ఉంది. పై పోస్టు పని తప్పుగా చేయించి దానికి తగ్గట్టు జీతమిచ్చినా తిరిగి తీసుకోకూడదనీ ఉంది. రికవరీ ఆగింది. అయితే జీతం పాత మెట్టుకు దిగింది, పెన్షన్ దాని మీదే కట్టారు. ఇంకొకటి. పే ఫిక్సేషన్ కాగితాల్లో "ఎక్కువ ఇచ్చినట్టు తేలితే తిరిగి కడతాను" అని ఒక వాక్యం మీద మనచేత సంతకం పెట్టించుకుంటారు. అలా రాసిచ్చినవాడికి ఆ రక్షణ ఉండదని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. అది ఒక జ్యుడీషియల్ ఆఫీసరు కేసు. అయినా ఏ ఆఫీసైనా ముందుగా తెచ్చి చూపేది ఆ కాగితమే. సంతకం పెట్టక తప్పదు, కనీసం చదివి పెట్టు, జిరాక్స్ ఇంట్లో ఉంచుకో.

అర్జీ సంగతి నేను చూసుకుంటా. ఆ పట్టిక తయారుచేసి పంపు, భాష సరిచేసి ఇస్తా. ఈలోపు నీ సర్వీసు రిజిస్టరు ఒకసారి తీసి, 2020 సెప్టెంబరు స్పెషల్ గ్రేడు ఎంట్రీ దగ్గర డీడీఓ (జీతాల బిల్లు పెట్టే అధికారి) సంతకం ఉందో లేదో చూడు. ఆన్‌లైన్‌లో జీతం వస్తోంది కదా అని చాలామంది సర్వీసు రిజిస్టరులో సంతకం వేయించుకోరు. అది లేకుండా టెస్టు పాసైనా, ప్యానెల్‌లో పేరు ఎక్కినా, నీ ఫైలు అక్కడే ఆగుతుంది.